గంప కింది పిల్లలు, బల్బు కింది పిల్లలు

జీవనోపాధుల భాగానికి ఏదైనా రాయమంటే కోళ్ల గురించి రాస్తానన్నాను. మా గ్రామ సంఘంలో అప్పు కాగితాలు చదివేటప్పుడు చూస్తున్నా, "కోళ్ల పెంపకం" అని రాసి ఊరుకుంటున్నారు. నాటువా, ఫారమా అని అడిగితే "ఏవైనా కోళ్లేగా అక్కా" అంటారు. ఆ రెండూ మన ఇళ్లకు వచ్చిన దారి వేరు, వాటి డబ్బు చేరే చెయ్యి కూడా వేరు. అందుకే మొదటి నుంచీ చెబుతా.

మా అమ్మమ్మది జగ్గయ్యపేట దగ్గర పల్లె. పెట్ట పొదుగుకొచ్చిందంటే గంపలో వరిగడ్డి పరిచి, 10, 12 గుడ్లు పెట్టి కూర్చోబెట్టేది. 21 రోజులకి పిల్లలు. పగలు తల్లి వెంట తిరిగేవి, చీకటి పడితే గంప కింద కమ్మేది. కాసిని నూకలు, చిట్టు, మిగిలిన అన్నం వేసేది. మిగతా మేత పెంటకుప్పలో అవే ఏరుకునేవి. గద్ద, పిల్లి, ముంగిస ఎత్తుకుపోగా సగం మిగిలితే గొప్ప. పుంజు కిలోన్నర తూగాలంటే ఐదారు నెలలు పట్టేది. కనుమకి అల్లుడికి కోడికూర, గారెలు పెట్టాలంటే శ్రావణంలోనే పొదగెయ్యాలి. కోళ్లు లేనివాళ్లకి పెట్టని పాలుకు ఇచ్చేది, పుట్టిన పిల్లల్లో చెరిసగం.

పత్తి, మిరప లెక్క తాతయ్యది. కోళ్ల లెక్క అమ్మమ్మది. ఆ డబ్బు పోపుల డబ్బాలో ఉండేది, తాతయ్య ఎప్పుడూ అడగలేదు. మన పొదుపు సంఘాలు రాకముందు చాలామంది ఆడవాళ్లకి సొంతంగా ఉన్న డబ్బు అదే.

దానికి పెద్ద శత్రువు కొక్కెర తెగులు. వచ్చిందంటే వారంలో ఊళ్లో కోళ్లన్నీ పోయేవి. మన దేశంలో దాన్ని మొదట 1927లో రాణీఖేత్‌లో గుర్తించారు. అందుకే పశువుల డాక్టర్లు రాణీఖేత్ జబ్బు అంటారు. టీకా ఉంది, ఖరీదు కూడా తక్కువే. అయినా ఇప్పటికీ వేయించనివాళ్లు మనలోనే ఉన్నారు.

ఇక ఫారం కోడి. ఇది మగవాళ్లు, కంపెనీలు కనిపెట్టిందని అనుకునేదాన్ని. మొదలుపెట్టింది మనలాంటి ఒక ఇల్లాలు. అమెరికాలో డెలావేర్ రాష్ట్రంలో సిసిల్ స్టీల్ అనే ఆవిడ గుడ్ల కోసం కోళ్లు పెంచేది. 1923లో 50 పిల్లలు కావాలని చెబితే పొరపాటున 500 వచ్చాయి. వెనక్కి పంపకుండా చిన్న కొట్టం కట్టించి, మాంసానికే పెంచింది. 18 వారాలకి 387 మిగిలాయి. ఒక్కోటి దాదాపు కిలో తూగింది. అన్నీ మంచి ధరకి పోయాయి. మూడేళ్లు తిరిగేసరికి 10,000 కోళ్లు పట్టే షెడ్డు వేసింది. చుట్టుపక్కలవాళ్లూ అదే దారి పట్టారు.

1940ల్లో అక్కడ ఎక్కువ మాంసం ఉన్న కోడికి పోటీలు పెట్టారు. 1948లో గెలిచినదానిలో కార్నిష్ జాతి రక్తం ఉంది. ఆ కార్నిష్ ఎక్కడిదనుకున్నారు? ఇంగ్లండ్ వాళ్లు మన దేశపు ఆసిల్ పుంజుల్ని తీసుకెళ్లి అక్కడి కోళ్లతో కలిపి తయారుచేసింది. ఆసిల్ అంటే మన పందెం కోడి. సంక్రాంతికి బరిలో దిగే డేగ, నెమలి, కాకుల చుట్టమే బ్రాయిలర్ ఎదలో ఉందన్నమాట. ఇది చదివి నేను చాలాసేపు నవ్వుకున్నా.

మన దేశంలో ఈ వ్యాపారం పెరగటంలో తెలుగువాడైన బండా వాసుదేవరావు గారి పాత్ర పెద్దది. 1971లో పూణేలో వెంకటేశ్వర హ్యాచరీస్ పెట్టారు. 1990ల్లో కోయంబత్తూరు వైపు కాంట్రాక్టు పద్ధతి పెరిగింది. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి, షెడ్డు, కరెంటు, చాకిరీ రైతువి, చివర్లో కిలోకి ఇంతని కూలి. షెడ్డు వెయ్యాలంటే పొలం కాగితాలు, బ్యాంకు అప్పు కావాలి. ఆ కాగితాలు ఎవరి పేరున ఉంటాయో మీకు తెలుసు. కోడి పెరట్లోంచి షెడ్డులోకి పోయినప్పుడే లెక్క కూడా అమ్మమ్మ చేతిలోంచి పోయింది. ఊడ్చేదీ, నీళ్లు పెట్టేదీ మాత్రం ఇంకా మనమే.

మధ్యలో ఇంకో దారి కూడా వచ్చింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవాళ్లు పెరటి కోసం వనరాజా, గ్రామప్రియ తయారుచేశారు. గ్రామప్రియ గుడ్లకి మేలు, వనరాజా మాంసానికీ గుడ్లకీ. ఇవి బయట తిరిగి మేత ఏరుకుంటాయి. నాటుకోడి కన్నా త్వరగా తూగుతాయి, రంగులో దానిలాగే ఉంటాయి. కానీ మొదటి నాలుగు వారాలు జాగ్రత్తగా పెంచిన పిల్లల్నే తెచ్చుకోవాలి.

ఇప్పుడు మా సంఘం అనుభవం. 2024 డిసెంబరు 4న మేం ముగ్గురం కలిసి 50 బ్రాయిలర్ పిల్లలు తెచ్చాం. కనుమకి సరిగ్గా 42 రోజులని లెక్క. పాత వంటగదిలో రెండంగుళాల ఊక పోసి, మీద కాగితాలు పరిచి, చుట్టూ అట్టలతో దడి కట్టి బల్బులు వేలాడదీశాం. మొదటి వారం 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపు కడితే చలి, గోడలకి చేరి నోరు తెరిస్తే ఉడుకు. మూడో రాత్రి కరెంటు పోయింది. మేం నిద్రలో ఉన్నాం. తెల్లారి చూస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కి ఏడు చచ్చిపోయాయి. ఆ రాత్రి నుంచి వంతులవారీగా కాపలా పడుకున్నాం, కుండలో బొగ్గులు సిద్ధంగా పెట్టుకుని.

7వ రోజు కంట్లో లసోటా చుక్క, 14వ రోజు నీళ్లలో గంబోరో టీకా, 28వ రోజు మళ్లీ లసోటా. 43 కోళ్లూ కలిసి మూడు బస్తాల దాణా తిన్నాయి. రెండేసి కిలోలు తూగాయి. కోసే ముందు రాత్రి దాణా తీసేసి నీళ్లు మాత్రమే ఉంచాం, పేగులు ఖాళీ అయితే శుభ్రం చెయ్యటం తేలిక. రెండు కిలోల కోడికి కిలో నాలుగొందల గ్రాములు మాంసం వస్తుంది. ప్రాణంతో తూకమా, మాంసం తూకమా అని ముందే మాట్లాడుకోవాలి. మేం మొదటి నలుగురి దగ్గర మాట్లాడుకోక మాట పడ్డాం. అయినా కనుమ సాయంత్రానికి అన్నీ అయిపోయాయి. దాణా బాకీ తీర్చి ముగ్గురం డబ్బు పంచుకున్నాం.

ఆ సంతోషంలో జనవరి 20న మళ్లీ 50 తెచ్చాం. ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో, మన జిల్లాలోనే గంపలగూడెం మండలంలో బర్డ్ ఫ్లూ అని తేలింది. 2006లో మహారాష్ట్ర నవాపూర్‌లో వచ్చినప్పుడు ఇక్కడ కూడా చికెన్ ఎవరూ కొనలేదని మా అత్తగారు చెప్పింది. అదే జరిగింది. మా కోళ్లకి జబ్బు లేదు, కొనేవాళ్లూ లేరు. అమ్మమ్మ కోడి అయితే పండగ పోతే ఇంకో పండగ దాకా పెరట్లో తిరిగేది. బ్రాయిలర్ ఆగదు. ఆరు వారాలు దాటితే తిన్న దాణాకి తగ్గట్టు బరువు పెరగదు, కాళ్లు నిలవవు, కూర్చున్న చోటే చస్తుంది. ఉన్నవాటిని సగం ధరకి చుట్టాలకి, తెలిసినవాళ్లకి ఇచ్చాం. మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ల పసిబిడ్డ ఈ జబ్బుతో చనిపోయిందని తెలిశాక, కోసే చోటికి పిల్లల్ని రానివ్వటం మానేశాం, పచ్చి మాంసం ముట్టిన చేతులు సబ్బుతో కడుగుతున్నాం.

రెండో దఫా నష్టం ముగ్గురం సమానంగా పంచుకుని, రెండు వాయిదాలు ఆలస్యంగా కట్టాం. ఇప్పుడు మాలో ఒకావిడ 20 వనరాజాలు పెంచుతోంది. నేను, ఇంకో అక్క బ్రాయిలరే, కానీ ఏడాదికి ఒక్కసారే, డిసెంబరులో, ముందుగా పేర్లు రాయించుకున్నన్ని కోళ్లే. ఈ ఏటికి ఇప్పటిదాకా 31 పేర్లు వచ్చాయి.