సుంకరి జీతమెంత?

పటేల్, పట్వారీల చరిత్ర రాసినోళ్లు సుంకరిని మరిచిన్రు. చిన్న మంగళారం లాంటి తెలంగాణ పల్లెల్లో రాత్రి కావలి కాసింది, చాటింపు వేసింది, దస్త్రాలు మోసింది ఎక్కువగా మాల మాదిగలే. బదులుగా ఎవరికో ఇంత ఇనాం చెక్క, కళ్లంలో గింజలు, మిగతాదంతా వెట్టి.

1984లో పటేల్, పట్వారీల వ్యవస్థ రద్దయింది. కింది చాకిరీ మాత్రం మిగిలింది. 2017లో వీఆర్‌ఏల జీతం 6,500 నుంచి 10,500 రూపాయలైంది. 2022లో పేస్కేలు కోసం సమ్మె చేసిన్రు (వీళ్లలో పరీక్ష రాసి వచ్చినోళ్లూ ఉన్నరు). 2023లో 20,555 మందిలో 61 ఏళ్ల లోపోళ్లను శాఖల్లో సర్దుతూ, 61 ఏళ్లు దాటినోళ్ల వారసులకు కొలువన్నరు.

వారసులకు కొలువు సమ్మెలో అడిగిందే. పటేల్‌కు పోయిన వారసత్వాన్ని సుంకరి ఎందుకడిగిండు? పింఛను లేని ముసలోడు ఇంకేం అడుగుతడు?