దొర పేరు చెప్పని సత్రం

చెన్నై నుంచి గూడూరు వైపు వచ్చే రైలు సూళ్ళూరుపేట దాటాక, నాయుడుపేట చేరకముందు ఒక చిన్న స్టేషను మీదుగా పోతుంది. పెద్ద బళ్ళు అక్కడ ఆగవు. రైల్వే వాళ్ళ లెక్కలో దాని పేరు 'దొరవారి ఛత్రం'. బయటికొచ్చి రోడ్డెక్కితే ఊరి పేరు 'దొరవారిసత్రం'. తమిళంలో చత్రం, తెలుగులో సత్రం. ఒకే మాట, రెండు నోళ్ళు. ఈ ఊరు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేదనడానికి వేరే శాసనం అక్కర్లేదు, ఆ ఒక్క అక్షరం చాలు.

పాత ఊరు చూడ్డమంటే మనకొక అలవాటుంది. కోట, గడీ, గోపురం, లేకపోతే తెల్లవాళ్ళు కట్టిన ఎర్ర ఇటుకల బంగళా ఉండాలి. వాటికోసం దొరవారిసత్రం ఎవరూ రారు. నేను మాత్రం ఒక రోజంతా స్టేషను వీధి, బజారు, హైవే పక్క టీ అంగళ్ళు, చెరువు కట్ట తిరిగాను. టీ అంగట్లో కూర్చున్న పెద్దాయన్ని "సత్రం ఎక్కడుంది తాతా?" అని అడిగితే నవ్వేశాడు. "సత్రమేంది సామీ, ఊరే సత్రం గదా!"

ఆ మాటలో చాలా చరిత్ర ఉంది. ఈ దారి పొడుగునా ఊళ్ళ పేర్లు చదివి చూడండి: నాయుడుపేట, సూళ్ళూరుపేట, పోలిరెడ్డిపాళెం. పేట అంటే సరుకు అమ్ముడయ్యే చోటు. పాళెం అంటే దండు విడిసిన చోటు. సత్రం అంటే తిని, పడుకుని, తెల్లారి లేచి వెళ్ళిపోయే చోటు. పేటలో డబ్బు ఆగుతుంది, సత్రంలో మనిషి కూడా ఆగడు. పేటలు రెండూ పట్టణాలై, సత్రం మాత్రం చిన్న ఊరుగానే మిగిలిపోవడం నాకు విచిత్రంగా అనిపించలేదు.

మద్రాసు నుంచి ఉత్తరానికి పోయే బాటలో ఇది సుమారు వంద కిలోమీటర్ల దూరం. ఎద్దుబండికీ, కాలినడకకీ అయిదారు మజిలీలు. ఆ కాలపు ప్రయాణం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఏనుగుల వీరాస్వామయ్య రాసిన 'కాశీయాత్ర చరిత్ర' చూడాలి. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో బయల్దేరి, కాశీ చూసుకుని, కోస్తా బాట పట్టి నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ప్రతి మజిలీలోనూ ఆయన కన్ను వెతికేవి కొన్నే. నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి వసతి ఉందా? ఇవాళ ఫోను తీసి హోటల్ రేటింగులు చూసుకునే మనం చేసేదీ ఆ పనే.

అయితే ఆ వసతి ఊరికే రాలేదు. సత్రం కట్టించినవాళ్ళు దానికి భూమి రాసిచ్చేవాళ్ళు. ఆ మాన్యం మీద వచ్చే రాబడే బియ్యం, కట్టెలు, వంటమనిషి జీతం. రాబడి ఇంకొకడి ఇంటికి మళ్ళితే పొయ్యి ఆరిపోయేది. ఇలా మళ్ళడం ఎంత మామూలైపోయిందంటే, కంపెనీ ప్రభుత్వం 1817లో ఏకంగా ఏడో రెగ్యులేషన్ తెచ్చి దేవాలయాలు, మసీదులు, వంతెనలు, చత్రాల ఆస్తులను రెవెన్యూ బోర్డు అజమాయిషీ కింద పెట్టింది. దాత పుణ్యం కోసం పెట్టిన కూడు కచేరీ కాగితమయ్యింది.

మరి ఆ కూడు ఎవరికి? అసలు ప్రశ్న ఇదే. తంజావూరు రాజు శరభోజి 1801లో కంపెనీ రెసిడెంటుకి రాసిన ఉత్తరంలో, తమ చత్రాల్లో బ్రాహ్మణుల నుంచి పరయల దాకా, జంగాలకూ బైరాగులకూ కూడా అన్నం పెడతామని, జబ్బుపడ్డ బాటసారికి నయమయ్యేదాకా వైద్యం చేయిస్తామని చెప్పుకున్నాడు. అదొక ఆదర్శం. చాలాచోట్ల ఆచారం వేరు. ఎవరికి వంటిల్లు, ఎవరికి వసారా, ఎవరికి బయటి చెట్టు నీడ అన్నది కులమే తేల్చేది. 1955లో అంటరానితనం నేరాల చట్టం ధర్మశాల, సరాయి, ముసాఫిర్ఖానాలను పేరుపేరునా ఎత్తి చెప్పాల్సి వచ్చిందంటే, ఆ తలుపులు అప్పటిదాకా ఎందరికి మూసి ఉన్నాయో ఊహించుకోవచ్చు. 'పాతకాలపు అతిథి మర్యాద' అని మనం మురిసిపోయేటప్పుడు ఈ మాట పక్కన పెట్టుకుంటే మంచిది.

ఇక దొర. తెలంగాణ పాఠకుడికి ఈ మాట వినగానే గడీ, వెట్టిచాకిరీ గుర్తొస్తాయి. కోస్తాలో జమీందారూ దొరే, తెల్లవాడూ దొరే. ఈ తీరానికి తెల్ల దొరలు మద్రాసు కంటే ముందే తెలుసు. ఇక్కడికి ఈశాన్యంగా సముద్రం ఒడ్డునున్న దుగరాజపట్నంలో ఇంగ్లీషువాళ్ళు 1626లోనే కొట్టు పెట్టారు. వాళ్ళ కాగితాల్లో దాని పేరు ఆర్మగాన్. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో దామెర్ల వారి దగ్గర స్థలం సంపాదించి మద్రాసుకి పునాది వేశాడు. దొర అంటే ఇందరున్నారు. ఊరి పేరు మాత్రం గౌరవంగా 'దొరవారు' అని ఊరుకుంది, ఏ దొరో చెప్పదు. దాత పేరు జారిపోయి ఆయన చేసిన పని మిగలడం నాకు న్యాయంగానే అనిపించింది.

1899కల్లా మద్రాసు, బెజవాడల మధ్య రైలు కలిసింది. అయిదారు రోజుల దారి కొన్ని గంటలైపోయింది. రాత్రి ఆగాల్సిన అవసరమే పోయాక సత్రం ఎవరికి కావాలి? తర్వాత నాలుగు లైన్ల హైవే వచ్చింది. లారీ డ్రైవర్లు టీ తాగి వెళ్ళిపోతారు. 2022లో ఊరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకి మారింది. మాటల్లో నెల్లూరు యాస మారలేదు.

ఇప్పటికీ ఇక్కడ నెలల తరబడి బస చేసే బాటసారులున్నారు. ఈ మండలంలోని నేలపట్టు చెరువుకి అక్టోబరు నుంచి గూడబాతులు వస్తాయి. నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోతాయి. 1976లో ప్రభుత్వం దాన్ని రక్షిత కేంద్రం చేసింది. అంతకు కొన్నేళ్ళ ముందే, దగ్గర్లోని శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం కోసం అక్కడి అడవినే నమ్ముకుని బతికిన యానాదుల్ని దీవి నుంచి ఖాళీ చేయించారు. వచ్చే పక్షికి చోటు దొరికింది, ఉన్న మనిషికి పోయింది.

చిన్న ఊళ్ళ చరిత్ర రాయాలంటే కట్టడాల జాబితా కాకుండా ఇలాంటి లెక్క ఒకటి రాయాలేమో. ఈ ఊళ్ళో ఎవరు ఆగారు, ఎవరిని ఆగనిచ్చారు, ఎవరిని పంపించేశారు? ఆ లెక్క తిరగెయ్యడానికి దొరవారిసత్రం మంచి చోటు. పేరే మనల్ని అడుగుతోంది.