పాటల రికార్డు రూము



ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్ర వ్రాసేవారు చాలామంది ఉన్నారు. మన ఇళ్లలోకి పాట ఎలా వచ్చింది, ఎలా చేజారింది, ఎలా దాచుకోవచ్చు అన్నది వ్రాద్దామనిపించింది.

1902 నవంబరులో లండన్ కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. మొదట్లో రికార్డులు జర్మనీలో అచ్చయి ఓడలో వచ్చేవి. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టిన తరువాత ఇక్కడే తయారయ్యాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పాడేది. గంటసేపు రాగం పాడే విద్వాంసులు మూడు నిమిషాలలో ముగించడం నేర్చుకోవలసి వచ్చింది. సినిమా పాట నిడివికి అక్కడే కొలత పడింది.

గ్రామఫోను కలవారి వస్తువు. మా కోటగిరి వంటి ఊళ్లకు పాటను తెచ్చింది రేడియో. హైదరాబాదు రేడియోను 1935లో నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంలో ఈ ప్రాంతమంతా తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం కలగలిసి వినిపించేవి. హోటల్లో ఒక్క రేడియో ఉంటే గజలూ, తెలుగు సినిమా పాటా, అభంగమూ ఒకే చాయ్ మీద వినేవాళ్లం. 2015లో ఫ్యాక్టరీ మూతబడింది. ఆ సందడిని ఎవరూ రికార్డు చేసి పెట్టలేదు.

రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టవలసి వచ్చేది. 1980ల మధ్యలో ఆ పద్ధతి పోయింది. 1952 తరువాత మంత్రి కేస్కర్ గారి కాలంలో ఆకాశవాణి సినిమా పాటలను తగ్గించగా, జనం ముల్లును రేడియో సిలోన్ వైపు తిప్పారు. తెలుగు పాటలకు అక్కడ మీనాక్షి పొన్నుదురై గారి గొంతు ఎందరికో పరిచయం. 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చాక శ్రోతలు కొంత వెనక్కి వచ్చారు. కొత్త పాటను మనకు చెప్పేది అనౌన్సరే. చిత్రం, రచన, సంగీతం, గానం అంటూ పాటతోపాటు పేర్లు కూడా చెవిన పడేవి. నేను వాటిని నోటుబుక్కులో వ్రాసుకునేవాణ్ణి.

ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్టు తెచ్చింది. మన ఊళ్లను అది ముంచెత్తింది మాత్రం 1980లలో. కాగితం మీద పాటల పట్టిక వ్రాసి షాపులో ఇస్తే, అరవై నిమిషాల క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవారు. అంతకంటె గొప్ప సంగతి, మామూలు మనిషి తన ఇంటి గొంతును తానే రికార్డు చేసుకోగలిగాడు.

1986లో మా అమ్మ చేత బతుకమ్మ పాటలు, ఇసుర్రాయి పాటలు పాడించి రెండు వైపులా రికార్డు చేశాను. ఆఫీసులో ప్రతి కాగితానికీ నంబరు వేసిన నేను ఆ క్యాసెట్టు మీద ఒక్క ముక్క వ్రాయలేదు. క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులు ఉంటాయి. వాటిని విరిచేస్తే దానిమీద మళ్లీ రికార్డు కాదు. అదీ చేయలేదు. అమ్మ పోయిన రెండేళ్లకు వెతికి పెట్టి చూస్తే ఒక వైపు సినిమా పాటలు మోగాయి. ఖాళీ క్యాసెట్టు అనుకుని ఇంట్లోనే ఎవరో ఎక్కించారు. వాళ్ల తప్పేమీ లేదు, తప్పు నాదే. రెండో వైపు మిగిలింది.

తరువాత సి.డి.లు, ఎం.పి.త్రీలు వచ్చాయి. ఇప్పుడు చందా కడితే ఫోనులో కోట్ల పాటలు. నేనూ కట్టాను. సౌకర్యమే, కాని అది అద్దె ఇల్లు. నేను పట్టికలో పెట్టుకున్న పాటలు కొన్ని ఒకనాడు చెప్పాపెట్టకుండా మాయమయ్యాయి. హక్కుల ఒప్పందం ముగిస్తే అంతేనట.

అప్పుడు మా మనుమడు సొంత ఇల్లు కట్టి ఇచ్చాడు. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు, దానికో హార్డ్ డిస్కు. నావిడ్రోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేశాడు. జెల్లీఫిన్ అనే మరొకటి కూడా ఉన్నది. ఇంట్లో ఏ ఫోనులోనైనా మన పాటలు మోగుతాయి. కరెంటు ఖర్చు చిన్న బల్బు పాటిది. అయిదు నిమిషాల పాట మంచి ఎం.పి.త్రీగా 12 మెగాబైట్లు పడుతుంది. ఒక టెరాబైటు డిస్కులో 80 వేల పాటలు పట్టవచ్చు. ఒక నకలు నిజామాబాద్‌లో మా అబ్బాయి ఇంట ఉంచాము. డిస్కు కూడా క్యాసెట్టు లాగానే చెడిపోతుంది.

“తాతా, పేరు సరిగ్గ రాయకుంటే వెతికినా దొరకది” అన్నాడు మనుమడు. నవ్వు వచ్చింది. నా ఉద్యోగమంతా అదే కదా! పాత నోటుబుక్కు దగ్గర పెట్టుకుని ప్రతి పాటకూ చిత్రం, సంవత్సరం, రచన, సంగీతం, గానం నమోదు చేస్తున్నాను.

రచయితల వారీగా ఇండెక్సు వేస్తుండగా దాశరథి గారి పేరు పదే పదే వచ్చింది. నిజాం కాలంలో మన నిజామాబాద్ కోట జైలులో ఉండి, గోడల మీద బొగ్గుతో పద్యాలు వ్రాసిన కవి. 1961లో ‘వాగ్దానం’, ‘ఇద్దరు మిత్రులు’ చిత్రాలకు ఆయన కూడా పాటలు వ్రాశారు. ఏళ్ల తరబడి విన్న పాటలే, ఎవరివో గుర్తు పెట్టుకోలేదు. ఆయన పేరు పట్టుకుని పోతే ఎన్నడూ వినని పాటలు మరికొన్ని దొరికాయి. కొత్త పాట అంటే నిన్న విడుదలైనదే కానక్కరలేదు. మనకు అందనిదల్లా కొత్తదే.

చట్టం సంగతీ చెప్పాలి. మన దేశంలో రికార్డింగు మీద హక్కు, విడుదలైన తరువాత అరవై ఏళ్లు ఉంటుంది. రచనకూ, బాణీకీ వేరే హక్కులున్నాయి. కనుక నా రికార్డు రూము ఇంటి వాడకానికే, పంపకానికి కాదు.

అమ్మ పాటల రెండో వైపు ఇప్పుడు అందులో మొదటి నంబరు. “గానం” అన్న గడిలో అమ్మ పేరు వ్రాశాను. “రచన” గడి ఖాళీగా వదిలాను. ఆ పాటలు ఎవరు కట్టారో అమ్మకూ తెలియదు.

మిత్రులారా! మీ అటకల మీద కూడా పేరు లేని క్యాసెట్లు ఉండే ఉంటాయి. దించండి. ముందు ఆ రేకులు విరవండి, తరువాత పేరు వ్రాయండి, ఆపై పిల్లల చేత కంప్యూటరులోకి ఎక్కించండి. రేపు చేద్దామనుకుంటే నా ఒక వైపు గతే పడుతుంది.

సెలవు.