ఛాయాచిత్రశాలల ముద్రలు – వాటి కథ

పని చేసినవాడు తన పేరు ఆ పనిమీద నిలవాలని కోరుకోవడం లోకసహజం. కర్ణాటక దేశంలో బేలూరు చెన్నకేశవాలయం దర్శించినవారు, అక్కడి విగ్రహాల పీఠాలపై దాసోజ మొదలైన శిల్పుల పేర్లు చెక్కి ఉండడం గమనించే ఉంటారు. పన్నెండవ శతాబ్దం నాటి ఆ శిల్పులకు ఏ చట్టమూ అండగా లేదు. అయినా “ఇది మా చేతిపని” అని చెప్పుకొనే అభిమానం వారికి ఉన్నది. ఏడు వందల సంవత్సరాల తరువాత అదే అభిమానం ఫొటోగ్రాఫర్లలోనూ కనిపిస్తుంది. వారు తమ పటాల అట్టలపై వేసుకున్న ముద్రనే నేడు లోగో అంటున్నాము. ఈ ముద్రలు ఎట్లా పుట్టినవి, మంచి ముద్రకు లక్షణాలేమిటి, వాటివల్ల పొరుగు రాష్ట్రాలలో స్థిరపడిన మనవంటి కుటుంబాలకు ప్రయోజనమేమిటి అన్నది ఈ వ్యాస విషయం.

ఛాయాగ్రహణ విద్య 1839లో లోకానికి వెల్లడి అయినది. తొలిరోజులలో పటం ఖరీదైన వస్తువు; తీయించుకొనేవారు కొద్దిమంది. 1854లో పారిస్ నగరంలో డిస్డేరీ అనే ఫొటోగ్రాఫరు, విజిటింగ్ కార్డు ప్రమాణంలో చిన్న చిన్న పటాలను ఒకే గాజుపలకపై అనేకంగా తీసే పద్ధతికి పేటెంటు పొందినాడు. దానితో పటం చవుక అయినది, సామాన్య గృహస్థు కూడా స్టూడియో మెట్లెక్కినాడు. ఆనాటి పటాలను గ్రుడ్డులోని తెల్లసొన పూసిన పలుచని కాగితంపై అచ్చు తీసేవారు. ఆ కాగితం చుట్టుకుపోయే స్వభావం కలది కనుక దానిని దళసరి అట్టపై అంటించక తప్పదు. ఈ అట్టే మన కథకు మూలం. ముందువైపున పటం క్రింద కొద్ది జాగా, వెనుకవైపున అట్టంతా ఖాళీ. ఆ ఖాళీని ఫొటోగ్రాఫర్లు తమ ప్రకటనకు వాడుకొన్నారు.

మొదట పేరు, ఊరు మాత్రమే ఉండేవి. పోటీ పెరిగినకొద్దీ రాతి అచ్చుతో అట్ట వెనుక భాగమంతా అలంకారాలు నిండినవి. కెమెరా పట్టుకొన్న దేవకన్యలు, ఉదయించే సూర్యుడు, చిత్రకారుని రంగుల పలక, ప్రదర్శనలలో వచ్చిన పతకాలు, రాజచిహ్నాలు — ఒక్కొక్క అట్ట చూస్తే గుడి గోపురం చూసినట్లుండేది. అయితే ఈ ఆర్భాటం నడుమనే ఒక ఉపయోగకరమైన సంగతి కూడా ఉండేది. “గాజుపలక మావద్ద భద్రంగా ఉన్నది, నెంబరు చెప్పితే మరొక ప్రతి ఇస్తాము” అని కొందరు అచ్చు వేయించి, నెంబరును చేతితో వ్రాసి ఇచ్చేవారు. అప్పుడా ముద్ర కేవలం ప్రకటన కాదు. గిరాకీదారుకు ఇచ్చిన మాట.

మన దేశంలోనూ ఈ విద్య త్వరలోనే వేళ్ళూనినది. మద్రాసులో ఫొటోగ్రాఫిక్ సొసైటీ 1856లో ఏర్పడినది. 1863లో ఇండియాకు వచ్చిన శామ్యూల్ బోర్న్ తన పలకలమీదనే పేరు, నెంబరు వేసుకొనేవాడు. అతని పేరుతో నడిచిన బోర్న్ అండ్ షెపర్డ్ సంస్థ కలకత్తాలో 2016 వరకు నిలిచినది. పలకమీద వ్రాయడం అనుకొన్నంత సులభం కాదు. మసాలా పూసిన వైపున అక్షరాలను అద్దంలో కనిపించినట్లు ఎడమ కుడులు మార్చి వ్రాయాలి. సిరాతో వ్రాస్తే కాగితంపై తెల్లగా వస్తుంది, సూదితో గీస్తే నల్లగా వస్తుంది. మరొక పద్ధతి ఉబ్బెత్తు ముద్ర. రెండు లోహపు దిమ్మెల నడుమ అట్టను ఉంచి నొక్కితే, సిరా లేకుండానే అక్షరాలు పైకి తేలుతాయి. మన తాతల పెండ్లిపటాల కుడివైపు అడుగుమూలను వేలితో తడిమి చూస్తే తగిలేది ఇదే.

ఈ చరిత్రలో తెలుగుదేశంతో ముడిపడిన మహనీయుడు రాజా దీనదయాళ్. ఆయన తెలుగువాడు కాదు. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో జైన కుటుంబంలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరు సంస్థానంలో ఉద్యోగం చేస్తూ ఈ విద్య అభ్యసించినాడు. 1886లో సికిందరాబాదులో స్టూడియో పెట్టినాడు. స్త్రీలకొరకు ప్రత్యేకంగా 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణ ఒక ఆంగ్లవనితకు అప్పగించినాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారుని చేసి, 1894 ప్రాంతంలో రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదునిచ్చినాడు. 1896లో బొంబాయిలో శాఖ తెరచినాడు. 1897లో విక్టోరియా రాణివద్దనుండి రాజనియామక పత్రం లభించినది. 1905లో కీర్తిశేషుడైనాడు.

పొరుగు సీమ నుండి వచ్చి, పేరు తెలియని ఊరిలో నమ్మకం సంపాదించుకొన్న ఈ మనిషి జీవితం, ఉన్న ఊరు విడిచి వచ్చిన మనకు కొత్తది కాదు. కొత్తచోట మనిషికి మొదటి పెట్టుబడి తన పేరే. దీనదయాళ్ ముద్ర మారిన తీరు చూడండి: తొలినాటి పటాలపై ‘లాలా దీనదయాళ్’, తరువాతివాటిపై ‘రాజా దీనదయాళ్ అండ్ సన్స్’. కుమారులు జ్ఞానచంద్, ధరమ్‌చంద్ వృత్తిలోకి వచ్చిన సంగతి కూడా ఆ ముద్రలోనే ఉన్నది. పరిశోధకునికి ఇది క్యాలెండరువంటిది. ‘రాజా’ అని ఉన్న అట్ట ఆ బిరుదుకు పూర్వపుది కాజాలదు. రాణిగారి నియామకం ప్రస్తావించిన అట్ట 1897కు ముందుది కాజాలదు. అయితే ఒక జాగ్రత్త అవసరం. పాత పలకనుండి కొత్త ప్రతి తీసి కొత్త అట్టపై అంటించి ఉండవచ్చు. కనుక ముద్ర చెప్పేది అట్ట వయస్సే గాని పటం వయస్సు కాదు. ఆ సంస్థ గాజుపలకలు 2857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నవి. 1989లో అవి అక్కడికి చేరినవి.

ఇక అలంకారాల నుండి నిరాడంబరతకు వచ్చిన మార్పు గమనించదగినది. అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ 1888లో ‘కొడాక్’ అనే పేరు రిజిస్టరు చేయించినాడు. దానికి ఏ భాషలోనూ అర్థం లేదు. పొట్టిగా ఉండాలి, ఎవరు పలికినా చెడిపోకూడదు, మరొకదానిని పోలకూడదు — ఇవే ఆయన షరతులు. మన తెలుగువారికి మాత్రం ‘కొడుకు’ గుర్తుకు వస్తే అది ఆయన తప్పు కాదు! తరువాత పసుపు, ఎరుపు రంగులు తోడై, చదువురానివాడు కూడా ఆ డబ్బాను దూరంనుండే పోల్చుకోగలిగినాడు. జపానులో 1934లో తయారైన ‘క్వానన్’ కెమెరా కథ మరొకటి. సహస్రబాహువులతో, చుట్టూ జ్వాలలతో ఉన్న కన్నన్ దేవత దాని చిహ్నం. ఈ దేవత మన బౌద్ధుల అవలోకితేశ్వరుడే. 1935లోనే ఆ పేరు ‘కానన్’ అయినది. వేయి చేతులు పోయి ఉత్త అక్షరాలు మిగిలినవి.

ఈ అనుభవాలనుండి మంచి ముద్రకు కొన్ని లక్షణాలు తేలుతున్నవి. గోరంత చేసినా గోడంత చేసినా చదువుకొనేట్లుండాలి. ఒకే రంగులో, లేదా రంగే లేకుండా నొక్కినా నిలవాలి. కెమెరా బొమ్మ, కటకం బొమ్మ ప్రతి వీధిలోనూ ఉన్నవే కనుక అవి ఎవరినీ గుర్తు చేయవు. పేరే గుర్తు చేస్తుంది. పేరు ప్రక్కన ఊరు తప్పక ఉండాలి. మన లిపి విషయంలో ఒక చిక్కున్నది. తెలుగు అక్షరాలలోని చిన్న సున్నలు, తలకట్లు, ఒత్తులు ఉబ్బెత్తు ముద్రలో పూడిపోతాయి. కనుక ఒత్తులు తక్కువగల పేరును, విశాలమైన అక్షరాలతో వ్రాయించుకోవాలి. కన్నడదేశంలో ఉన్నవారికి ఒక సదుపాయం ఉన్నది. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు కనుక ఒకే ముద్రను ఇద్దరూ చదువుకోగలిగేట్లు కూర్చవచ్చు. తమిళ, ఒరియా ప్రాంతాలలో స్థానిక లిపిని కూడా చేర్చడమే మర్యాద, వ్యాపారదక్షత కూడా.

చట్టం సంగతి కొంత చెప్పాలి. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం ముద్రను రిజిస్టరు చేయించుకొంటే పది సంవత్సరాలు చెల్లుతుంది, ఆపై పొడిగించుకోవచ్చు. పటంపై ముద్ర ఉన్నంతమాత్రాన హక్కు ఫొటోగ్రాఫరుదని అనుకోరాదు. డబ్బిచ్చి తీయించుకొన్న పటానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకొన్నవారే తొలి హక్కుదారులని 1957 నాటి కాపీరైటు చట్టం చెప్పుతున్నది. అంటే ముద్ర చెప్పేది యాజమాన్యం కాదు, బాధ్యత. నేడు కంప్యూటరు పటాలపై ముఖానికి అడ్డంగా పెద్ద ముద్ర వేసేవారు ఈ భేదం గుర్తించాలి. అడుగుమూల నిలిచినదే గౌరవమైన ముద్ర.

చివరకు మన ఇంటి సంగతి. కోలారు గనులకు, షోలాపురం మగ్గాలకు, బొంబాయి కట్టడపు పనులకు, బరంపురం వర్తకానికి వెళ్ళిన మన పెద్దలలో చాలామంది డైరీలు వ్రాయలేదు. వారు ఏ ఊరిలో ఏ కాలంలో ఉన్నారో చెప్పగల సాక్ష్యం ఒక్కొక్కప్పుడు పటం అట్టపైనున్న స్టూడియో పేరు, ఊరు మాత్రమే. అట్ట పెళుసెక్కినదని, కొత్త ఫ్రేములో ఇమడలేదని అంచులు కత్తిరించి పారవేస్తే, పటంలో తాతగారు మిగులుతారు గాని ఆయన ఊరు పోతుంది. ఒక తరం గడిస్తే ఆయన పేరూ పోతుంది.

కనుక ఈ ఉగాదికి ఇల్లు దులిపి పాత పటాలు దించినప్పుడు, ఒక్కొక్కదానిని వెనుకకు త్రిప్పి చూడండి. ముందు, వెనుక రెండువైపులా ఫొటో తీసి ఉంచండి. పటంలోనివారి పేర్లు పెద్దలనడిగి మెత్తని పెన్సిలుతో అట్ట వెనుక వ్రాయండి. సిరా, బాల్‌పెన్ను వద్దు. స్టూడియో నడుపుతున్న సోదరులు తమ ముద్రలో పేరుతోపాటు ఊరును, పటం వెనుక తేదీని వేయడం వ్రతంగా పెట్టుకోవాలి. శిల్పి పేరు రాతిపై ఎనిమిది వందల సంవత్సరాలకు పైగా నిలిచినది. మన పెద్దల పేర్లు అట్టపై కనీసం మన మనుమల కాలంవరకైనా నిలుపుదాము.