కోటిలింగాల, ఎల్యూసిస్: రెండు తీర్థముల చరిత్ర



తరింపజేయునది తీర్థము. నదీతీరమైనను, సముద్రతీరమైనను, జలసన్నిధిని దేవతారాధన చేయుట అనేక దేశములందు కనబడుచున్నది. మన జగిత్యాల జిల్లాలోని కోటిలింగాల, యవనదేశమని మన పూర్వులు పిలిచిన గ్రీసులోని ఎల్యూసిస్, ఈ రెండు తీర్థముల చరిత్రను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో, ధర్మము దేనిని ఆశ్రయించి నిలుచునో బోధపడును.

మా కొడిమ్యాల ప్రాంతమువారికి గోదావరీ స్నానమనగానే ధర్మపురి స్ఫురించును. లక్ష్మీనృసింహుని సన్నిధి గనుక అది సహజమే. ధర్మపురికి దిగువన, అదే గోదావరి ఒడ్డున కోటిలింగాల కలదు. కోటీశ్వరస్వామి అక్కడి దైవము. మునులు కోటి ఇసుకరేణువులతో లింగమును చేసి ప్రతిష్ఠించిరని స్థలవృత్తాంతము.

1970ల చివరి నుండి అక్కడ జరిగిన త్రవ్వకములలో కోటగోడలు, ఇటుక కట్టడములు, బావులు బయల్పడినవి. గోబద, నారన, కంవాయసిరి, సమగోప మొదలైన శాతవాహనపూర్వ పాలకుల నాణెములు లభించినవి. శాతవాహన వంశమూలపురుషుడైన శ్రీముఖుని పేరు 'చిముక' అను రూపమున గల నాణెములును దొరకినవి. పురాణముల వంశావళిలో వినుచుండిన నామము మన మట్టిలో లోహముపై కనబడినది.

ఆంధ్రులకు 30 ప్రాకారనగరములు, 1,00,000 కాల్బలము, 2,000 అశ్వములు, 1,000 గజములు కలవని రోమను రచయిత ప్లినీ వ్రాసెను. చంద్రగుప్త మౌర్యుని సభకు వచ్చిన యవన రాయబారి మెగస్తనీసు చెప్పిన వృత్తాంతమే దీనికి ఆధారమని పండితుల అభిప్రాయము. ఆ 30 నగరములలో కోటిలింగాల ఒకటి యని పలువురు చరిత్రకారులు తలచుదురు.

ఆ రాజుల ధర్మనిష్ఠను తెలిసికొనుటకు మహారాష్ట్రములోని నాణేఘాట్ గుహకు పోవలెను. రాణి నాగానిక వేయించిన అచటి శాసనము ధర్మునికి, ఇంద్రునికి, సంకర్షణ వాసుదేవులకు, చంద్రసూర్యులకు, నలుగురు లోకపాలులకు నమస్కారముతో ఆరంభమగును. పిమ్మట అగ్న్యాధేయము, రాజసూయము, రెండు అశ్వమేధములు, గవామయనము మున్నగు క్రతువులును, దక్షిణలుగా ఇచ్చిన గోవులు, గజములు, కార్షాపణములును వరుసగా చెప్పబడినవి.

ఆ శిల నేడు అరిగి, అక్షరములు చాలచోట్ల చెరిగిపోయినది. చెరగని చోటనైనను అది క్రతువు పేరు మాత్రమే చెప్పును. ఏ మంత్రమునకు ఏ ఆహుతియో, గార్హపత్యాది అగ్నులను ఏ క్రమమున నెలకొల్పవలెనో చెప్పదు. యజుర్వేదమును, కల్పసూత్రములను గురుముఖమున అధ్యయనము చేసిన శ్రోత్రియుడు మాత్రము నేటికిని అగ్న్యాధేయమును చెప్పగలడు, చేయించగలడు. రెండువేల సంవత్సరములను దాటి వచ్చినది కంఠము.

మన దేశపు ధర్మములు యవనులను కూడ ఆకర్షించినవి. తక్షశిల నుండి రాయబారిగా వచ్చిన హేలియోడోరుడు క్రీ.పూ. 2వ శతాబ్దిలో విదిశయందు వాసుదేవునికి గరుడధ్వజమును నిలిపి, తన్ను భాగవతునిగా చెప్పుకొనెను. దమము, త్యాగము, అప్రమాదము స్వర్గమునకు కొనిపోవునని ఆ స్తంభముపై వ్రాయించెను. మన గోదావరి జన్మస్థానమునకు చేరువనున్న నాసిక గుహలలో ధర్మదేవుని కుమారుడైన ఇంద్రాగ్నిదత్తుడను యవనుడు తల్లిదండ్రుల పుణ్యార్థమై చైత్యగృహమును, నీటితొట్లను చేయించెను.

ఇక ఆ యవనుల స్వదేశమునకు పోదము. ఏథెన్సు నగరమునకు వాయవ్యమున సముద్రతీరమున ఎల్యూసిస్ కలదు. ధాన్యాధిదేవత దెమెతేరు, ఆమె కుమార్తె పెర్సెఫొనె అచట ఆరాధింపబడిరి. ఏటేట శరత్కాలమున దీక్ష గోరువారు సముద్రస్నానము చేసి, ఉపవసించి, ఏథెన్సు నుండి పవిత్రమార్గమున ఊరేగింపుగా నడచి వచ్చెడివారు. యూమోల్పిదులు, కేరుకులు అను రెండు కుటుంబములవారు వంశపారంపర్యముగా అర్చకత్వము నెరపిరి. హేడ్రియను, మార్కస్ ఆరేలియసు వంటి రోమను చక్రవర్తులును అచట దీక్ష గొనిరి. లోపల చూచినది బయట చెప్పుట మరణదండనకు తగిన అపరాధము.

క్రీ.శ. 392లో థియొడోసియసు చక్రవర్తి ప్రాచీనారాధనలను నిషేధించెను. 396లో అలారికుని గోతు సేనలు ఎల్యూసిస్‌ను ధ్వంసము చేసెను. అర్చకవంశముల పరంపర తెగినది. వేయేండ్లకు మించి సాగిన దీక్షలో, ఆ మహామండపమున దీక్షితునికి ఏమి చూపిరో, ఏమి వినిపించిరో చెప్పగలవాడు నేడు భూమిపై లేడు. శిథిలములున్నవి, మ్యూజియమున్నది. ప్రయోగము లేదు.

కోటిలింగాలలో స్థితి వేరు. కోట శిథిలమై దిబ్బగా మారినది, ఆ దిబ్బలో కొంత ఎల్లంపల్లి జలాశయపు ముంపునకు లోనైనది. అయినను కోటీశ్వరునికి రుద్రాభిషేకము జరుగుచునే ఉన్నది. అచట శిల మిగిలినది, ఇచట శ్రుతి మిగిలినది.

భగవద్బంధువులారా, ఇది గర్వకారణము కాదు, హెచ్చరిక. పతంజలి మహాభాష్యమున ఋగ్వేదమునకు 21, యజుస్సునకు 101, సామమునకు 1,000, అథర్వమునకు 9, మొత్తము 1,131 శాఖలు చెప్పబడినవి. నేడు అధ్యయనమున ఉన్నవి వ్రేళ్ళపై లెక్కింపదగినవి. ఆ తక్కినవాటిని ఏ సేనయు వచ్చి కాల్చవలసిన పని లేకపోయినది. చెప్పువాడుండి వినువాడు లేని ఒక్క తరము చాలును.

2027లో గోదావరీ పుష్కరములు రానున్నవి. ధర్మపురిలో స్నానము చేసినవారు కోటిలింగాలకును పోయి, ఆ దిబ్బను చూచి, స్వామికి అభిషేకము చేయించుకొందురు గాక. తిరిగి వచ్చునప్పుడు ఇంటిలోని పిల్లవానికి సంధ్యావందనమో, స్తోత్రమో, ఒక సూక్తమో అర్థసహితముగా నేర్పెదమని సంకల్పము చేయుడు. గుడికి గోపురము కట్టించు పుణ్యాత్ములు పాఠశాలలో ఒక విద్యార్థి భోజనభారమును కూడ వహింతురు గాక. తీర్థమునకు మనము చెల్లించవలసిన ఋణము అది.

స్వస్తి.