మశూచి టీకా – భారతదేశంలో సమాజ ఆమోదం

మశూచి టీకా భారతదేశానికి 1802లో వచ్చింది. దేశం మశూచి నుంచి విముక్తమైందని ప్రకటన వెలువడింది 1977లో. మందు పనిచేస్తుందన్న సంగతి మొదట్లోనే రుజువైనా, జబ్బును తరిమివేయడానికి 175 ఏళ్లు పట్టింది. ఈ ఆలస్యానికి ప్రజల అజ్ఞానమే కారణమని వలస పాలకులు నివేదికల్లో పదే పదే రాసుకున్నారు. ఆధారాలు మాత్రం వేరే సంగతి చెబుతున్నాయి. టీకాను జనం ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మందు గుణం మీదకంటే అది ఎవరి చేతిమీదుగా వచ్చింది, ఎవరి ఒంటి నుంచి వచ్చింది, ఎంత నొప్పి పెట్టింది అన్నవాటి మీదే ఎక్కువగా ఆధారపడింది.

టీకాకు ముందే బెంగాల్‌లో మశూచి పొక్కుల రసాన్ని ఆరోగ్యవంతుల చర్మంలోకి ఎక్కించే పద్ధతి ఉండేది. టీకాదార్లు పథ్యం, చన్నీటి స్నానాలు, శీతలాదేవి పూజ కలిపి దాన్ని నడిపేవారు. 1767లో హాల్వెల్ అనే ఆంగ్లేయుడు దాన్ని వివరంగా వర్ణించాడు. కాబట్టి రోగాన్ని రోగంతోనే ఆపవచ్చన్న ఆలోచన అక్కడివారికి కొత్త కాదు. దక్షిణాదిలో మాత్రం ఆ పద్ధతి అరుదు. తెలుగు పల్లెల్లో మశూచి అంటే అమ్మవారు పోయడం; రోగిని వేపమండల మధ్య ఉంచి, అమ్మవారిని చల్లబరిచి సాగనంపడమే చికిత్స. మందు వేయడమంటే ఇంటికి వచ్చిన దేవతను అవమానించడమే.

ఈ టీకాను కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో ఆవులకు వచ్చే గోమశూచితో ప్రయోగం చేసి, 1798లో ఫలితాలు అచ్చువేశాడు. 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్టాల్ అనే మూడేళ్ల పాపకు వేసిన టీకా దేశంలో మొట్టమొదట ఫలించింది. మంచు పెట్టెలు లేని ఆ రోజుల్లో టీకా ఊరి నుంచి ఊరికి పిల్లల చేతులమీదే ప్రయాణించింది. టీకా వేసిన వారానికి ఒక బిడ్డ చేతిమీద ఊరిన రసాన్ని తీసి మరో బిడ్డకు ఎక్కించేవారు. ఏ కులపు బిడ్డ రసం ఏ కులపు బిడ్డలోకి వెళ్తుందో తెలియదు. పుండు మానని పసివాణ్ణి తెల్ల దొర మనుషులు మళ్లీ గిల్లుతారన్న భయం తల్లులది. ఈ అభ్యంతరాలను మూఢనమ్మకాలుగా కొట్టిపారేయడం సులువే కాని న్యాయం కాదు. చేతి నుంచి చేతికి ఎక్కించే పద్ధతిలో ఇతర రోగాలు కూడా అంటుకుంటాయని తర్వాత వైద్యులే ఒప్పుకున్నారు.

ఆమోదం కోసం ఆ రోజుల్లో జరిగిన ప్రయత్నాల్లో రెండు చెప్పుకోదగినవి. 1805 ప్రాంతంలో థామస్ హికీ గీశాడని భావించే మైసూరు రాణుల చిత్రంలో ఒక రాణి చీర కొంచెం తొలగించి భుజం చూపుతుంది. అది టీకా వేసిన చోటు అనీ, చిత్రాన్ని ప్రచారం కోసమే గీయించారనీ కొందరు చరిత్రకారుల అభిప్రాయం. రెండోది మద్రాసులో ప్రాచీన శాస్త్రం పేరిట కల్పించిన ఒక రచన. గోమశూచి సంగతి మన ప్రాచీన వైద్యులకు ముందే తెలుసని అది చెబుతుంది. దాని కర్తగా ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ అనే ఆంగ్లేయుడి పేరు చెబుతారు.  రెండిటిలో రాణి చిత్రమే తెలివైన ఉపాయం. శాస్త్ర ప్రమాణాన్ని కల్పించి చూపడంకంటే, గౌరవనీయురాలైన ఒక స్త్రీ తన భుజం చూపడం గట్టి సాక్ష్యం.

1880 చట్టం కొన్ని పట్టణాల్లో టీకాను నిర్బంధం చేసి పాత పద్ధతిని నిషేధించింది. ఆ తర్వాత దూడల మీద రసం తయారుచేయడం, మద్రాసు గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడటం మినహా స్వాతంత్ర్యం దాకా పెద్ద మలుపులు లేవు. చదువులేనితనమే అడ్డంకి అనేవారికి జవాబు ఇంగ్లండు చరిత్రలోనే దొరుకుతుంది. 1885లో ఇంగ్లండులోని లెస్టర్‌లో నిర్బంధ టీకాకు వ్యతిరేకంగా భారీ ఊరేగింపు జరిగింది. 1898లో ఆ దేశం మనస్సాక్షి ఒప్పనివారికి మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. మన దేశంలో టీకాను బాహాటంగా తప్పుపట్టినవారిలో గాంధీజీ ఒకరు.

1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం మొదలైంది. లెక్కలు చూపించాలన్న ఒత్తిడిలో టీకా సిబ్బంది సులువుగా దొరికే బడిపిల్లలకే మళ్లీ మళ్లీ వేశారు. పసిపిల్లలు, వలస కూలీలు మిగిలిపోయారు. 1974లో దేశంలో లక్షా 88 వేల కేసులు నమోదయ్యాయి. చివరికి గెలిపించింది సామాజిక ఆమోదం కాదు, ఎండబెట్టిన టీకా, రెండు మొనల సూది అని వాదించవచ్చు. ఆ రెండూ లేనిదే విజయం లేదన్నది నిజం. అయితే అంతకుముందు వాడిన, చర్మాన్ని తొలిచి పుండు చేసే తిరుగుడు పరికరం పోయి సన్నటి సూది రావడం జనం కోణంలో నొప్పి తగ్గడమే. పరికరం మారి, దానితో ఆమోదమూ మారింది. 1973 నుంచి కార్యకర్తలు రోగి బొమ్మ పట్టుకుని ఇంటింటికీ తిరిగి అడిగారు. కేసు చూపినవారికి ఇచ్చే బహుమతి 50 రూపాయలతో మొదలై చివరికి 1,000 రూపాయలకు పెరిగింది. రోగిని దాచే ఇంటి నుంచే సమాచారం రావడం మొదలైంది. 1975 మే తర్వాత దేశంలో కేసులు లేవు.

మరో అభ్యంతరం బలమైనది. చివరి దశలో బీహార్ వంటి చోట్ల తెల్లవారకముందే ఇళ్లు చుట్టుముట్టి, ఎదురుతిరిగినవారిని పట్టుకుని బలవంతంగా టీకాలు వేశారు. రోగం పోయింది. కాబట్టి ఒప్పుదల లేకున్నా పని జరిగింది కదా అనవచ్చు. ఒక్కసారి వేస్తే సరిపోయే టీకా, చిన్న ప్రాంతం, కొద్ది నెలల పని అయితే ఆ మాట నిలుస్తుంది. అదే బిడ్డ కోసం ఇంటికి పదే పదే వెళ్లవలసిన పోలియో చుక్కల దగ్గర అది నిలవలేదు. ఎమర్జెన్సీ నాటి కుటుంబ నియంత్రణ బలవంతాలు మరువని ఉత్తరప్రదేశ్‌లో, చుక్కలు వేయిస్తే పిల్లలు పుట్టరన్న పుకారుతో 2002 ప్రాంతంలో చాలా తలుపులు మూసుకున్నాయి. మసీదుల ఇమాములు, అదే వీధికి చెందిన స్త్రీలు రంగంలోకి దిగిన తర్వాతే అవి తెరుచుకున్నాయి. దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలో నమోదైంది.