రంగం వెళ్ళినవాళ్ళు: 1930 మే నెలలో రంగూన్ రేవులో ఏం జరిగింది?

"అన్నా, వీడియో అంతా చూసే టైం లేదు, రాసి పెట్టండి" అని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఈ ఎపిసోడ్‌లో మాట్లాడింది మొత్తం ఇక్కడ పెడుతున్నా. తడబడిన చోట కాస్త సరిచేశా, అంతే.

ముందు మా ఇంటి నుంచి మొదలుపెడతా. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో రెండో అంతస్తు. బుడమేరు నీళ్ళు కింది వాటా కిటికీల దాకా వచ్చేశాయి. కింద ఉండేవాళ్ళు ఎనిమిది మంది మా హాల్లోనే పడుకున్నారు. కరెంట్ లేదు. ఫోన్‌లో పద్నాలుగు శాతం ఛార్జింగ్ మిగిలింది. దాన్ని పొదుపుగా వాడుతూ, రెండు గంటలకోసారి ఆన్ చేసి నేషనల్ ఛానళ్ళు మన గురించి ఏం చెప్తున్నాయా అని చూసేవాణ్ణి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు పోతుంటే, మనకు దక్కింది రెండు నిమిషాలు. నాకు ఒళ్ళు మండింది. మా నాన్న మాత్రం "మనం వాళ్ళకి దూరం రా" అని ఊరుకున్నారు.

నీళ్ళు తీశాక బురద కడుక్కుంటూ ఉన్న రోజుల్లోనే యాగీ తుపాను వియత్నాంని కొట్టింది. ఆ వానలకి మయన్మార్ మునిగింది. వందల మంది పోయారు. మన ప్రభుత్వం నౌకాదళం ఓడలో సామాను కూడా పంపింది. నా ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. నడుం లోతు నీళ్ళలో ఒకావిడ నెత్తిమీద గిన్నెలు పెట్టుకుని నడుస్తోంది. మా పక్క వీధి ఆవిడే అనుకున్నా. కింద పేరు చూసి, ఓహో మయన్మారా అని పైకి తోసేశా. పది రోజుల ముందు నేను ఢిల్లీ వాళ్ళని తిట్టిన పని, నేనూ చేశానన్నమాట.

ఇది నాకు తర్వాత చాలా రోజులు గుచ్చుకుంది. ఎందుకంటే ఆ దేశం మనకి అంత పరాయిది కాదు. మ్యాప్ తీసి చూడండి. విజయవాడ నుంచి కుడివైపుకి దాదాపు అడ్డంగా గీత గీస్తే, బంగాళాఖాతం దాటి రంగూన్ దగ్గరికే వెళ్తుంది. నేరుగా కొలిస్తే మనకి శ్రీనగర్ కంటే రంగూనే దగ్గర. పాతకాలం వాళ్ళు దాన్ని "రంగం" అనేవారు. మా వాళ్ళది అసలు శ్రీకాకుళం వైపు. మా తాతమ్మ ఎవరైనా ఊళ్ళో చాలా రోజులు కనపడకపోతే "ఏం, రంగం ఎళ్ళిపోయాడా" అనేదట. అది సామెత అనుకున్నా. నిజంగా ఒక ఊరి పేరని డిగ్రీలో గానీ తెలియలేదు.

కాకినాడ పక్కన కోరంగి రేవు ఉండేది కదా. అక్కడినుంచి, విశాఖ నుంచి, గంజాం నుంచి తెలుగువాళ్ళు ఓడలెక్కి వెళ్ళేవారు. ఎంతమంది అంటే, బర్మాలో తెలుగువాళ్ళకి "కోరంగీలు" అనే పేరే పడిపోయింది. రేవులో బస్తాలు మోయడం, బియ్యం మిల్లులు, రిక్షా లాగడం, పాకీ పని. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. ఊరికి ఊరు మనవాళ్ళ రెక్కల మీద నడిచిందంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. మన కృష్ణా డెల్టా నుంచి వెళ్ళినవాళ్ళు తక్కువే. 1855లో బెజవాడ ఆనకట్ట అయ్యాక ఇక్కడే పని దొరికింది. కానీ డెల్టాకీ బర్మాతో లెక్కలున్నాయి. పాత పెంకుటిళ్ళలో బర్మా టేకు దూలాలు చూసే ఉంటారు. 1930లలో వరి ధర పడిపోయినప్పుడు, బర్మా బియ్యం దిగి మా కడుపు కొడుతోందని ఇక్కడి రైతులు గొడవ పెట్టారు. ఆ బియ్యాన్ని అక్కడ ఓడలకెత్తింది కూడా తెలుగు కూలీలేనన్న మాట ఎంతమంది తలుచుకున్నారో మరి.

కూలీలు ఒంటరిగా వెళ్ళేవారు కాదు. మేస్త్రీ ఉండేవాడు. ఊరికొచ్చి అడ్వాన్స్ ఇచ్చి, ఓడ టికెట్ కొని, ముఠాగా కట్టి తీసుకెళ్ళేవాడు. కంపెనీ డబ్బు మేస్త్రీ చేతికిచ్చేది, మేస్త్రీ తన వాటా, అప్పు వాటా కోసుకుని మిగిలింది కూలీకిచ్చేవాడు. కూలీకి కంపెనీ ముఖమే తెలియదు. "ముఠా మేస్త్రి" అంటే మీకు చిరంజీవి సినిమా గుర్తొస్తుంది. 1993లో వచ్చింది, మార్కెట్ కూలీల నాయకుడిగా చేశాడు. రంగూన్ రేవులో ముఠా మేస్త్రీ అంత మంచోడు కాదు లెండి.

ఇక 1930 మే నెల.

మే 4 అర్ధరాత్రి దాటాక, అంటే 5వ తేదీ మొదలయ్యాక, గుజరాత్‌లో కరాడి దగ్గర గాంధీని అరెస్ట్ చేశారు. దేశమంతా హర్తాళ్ళు. మన బందరులోనూ ఉప్పు సత్యాగ్రహం వేడి మీదుంది. ఆ రోజుల్లోనే కోనేరు సెంటర్‌లో జెండా ఎగరెయ్యబోయిన తోట నరసయ్య నాయుడిని పోలీసులు ఒళ్ళు హూనం చేశారు. అదే 5వ తేదీ రాత్రి, ఎనిమిది దాటాక, రంగూన్‌కి ఉత్తరాన ఉన్న పెగూ ఊరు భూకంపంతో కూలిపోయింది. ఇప్పుడు దాన్ని బగో అంటారు. పెగూలో సుమారు 500 మంది, రంగూన్‌లో సుమారు 50 మంది పోయారు. వందల ఏళ్ళ ష్వేమాడో పగోడా కుప్పకూలింది. కూలిన ఇళ్ళకి నిప్పంటుకుంది.

గాంధీ అరెస్ట్, భూకంపం, రెండూ ఒకే తేదీ. బందరులో ముట్నూరి కృష్ణారావు గారి కృష్ణా పత్రిక ఉంది, మద్రాసులో ఆంధ్రపత్రిక ఉంది. రెండూ జాతీయోద్యమానికి గొంతులు. పైగా ఏప్రిల్ చివర్లోనే ప్రభుత్వం ప్రెస్ ఆర్డినెన్స్ తెచ్చి పత్రికల మెడ పట్టుకుంది. ఆ వారం ఏ ఎడిటర్ అయినా దేనికి పెద్ద అక్షరాలు వాడతాడు? నేనున్నా గాంధీకే వాడేవాణ్ణి. అందులో తప్పు పట్టను. కానీ ఈ రోజుకీ మన పుస్తకాల్లో 1930 మే అంటే ఉప్పు ఒక్కటే. తొంభై ఏళ్ళు దాటినా రెండో వార్తకి చోటు రాలేదు, అదే నా బాధ.

ఇంకో సంగతి. 1930లో బర్మా విదేశం కాదు. బ్రిటిష్ ఇండియాలో ఒక ప్రావిన్స్, మద్రాసు ప్రెసిడెన్సీ లాగే. 1937 ఏప్రిల్ 1న దాన్ని విడదీశారు. అంటే పెగూ భూకంపం జరిగిన రోజు అది "దేశీ" వార్త. తర్వాత గీత గీశారు, దానితో పాటు చచ్చిపోయినవాళ్ళూ విదేశీయులైపోయారు.

భూకంపం వచ్చిన కొద్ది రోజులకే రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు. కూలి పెంచమని. ఆ మేస్త్రీ బతుకు చూశాక వాళ్ళ పక్షాన నిలబడకుండా ఎలా ఉంటాం? ఓడల్లో సరుకెక్కించే కాంట్రాక్టు కంపెనీలు ఏం చేశాయంటే, బర్మా వాళ్ళని పనిలోకి దింపాయి. వాళ్ళూ ఆకలి మీదున్నవాళ్ళే. ప్రపంచమంతా మాంద్యం మొదలై వడ్ల ధర పడిపోతోంది, పల్లెల నుంచి జనం పని కోసం పట్నం చేరుతున్నారు. రేవు పని ఎప్పుడూ చెయ్యనివాళ్ళు కొన్ని రోజుల్లో నేర్చుకుని బస్తాలెత్తారు.

తర్వాత కంపెనీలు దిగొచ్చి కూలి కాస్త పెంచడానికి ఒప్పుకున్నాయి. సమ్మె గెలిచింది. మే 26 ఉదయం తెలుగువాళ్ళు పనిలోకి వచ్చారు. బర్మా వాళ్ళు కూడా రోజూ వచ్చినట్టే వచ్చారు, కొంతమంది భార్యలు అన్నం క్యారేజీలు పట్టుకుని వచ్చారని చదివా. ఇక మీకు పని లేదు, పొండి అన్నారు. మనవాళ్ళలో కొందరు ఎగతాళి చేశారని చెప్తారు. ఒక మాట, ఒక తోపు, ఆ తర్వాత కత్తులు, కర్రలు. రెండు మూడు రోజులు ఊరంతా వేట. రేవు పక్క గదుల్లో దాక్కున్న కోరంగీలని వెతికి చంపారు. అధికారిక లెక్క వందకు పైగా. అంతకంటే చాలా ఎక్కువని మరికొన్ని లెక్కలు. పోయినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే.

ఇక్కడ నేను ఆగిపోతా. ఎవరి తప్పు? కంపెనీదని చెప్పడం తేలిక, నిజం కూడా. ఇద్దరు పేదల్ని ఒకే పని మీద నిలబెట్టి, ఒకడిని ఇంకొకడి మీదకి తోసింది వాళ్ళే. కానీ సమ్మె చేసినవాళ్ళు తమ షరతుల్లో ఆ బర్మా కూలీల పేరు ఒక్కసారైనా తీశారా? మేం వస్తే వాళ్ళేం కావాలి అని అడిగారా? అడిగినట్టు నాకు ఎక్కడా కనపడలేదు.

ఇది నాకెందుకు గుచ్చుకుంటుందో చెప్పాలి. మా నాన్న ఇరవై ఆరేళ్ళు వన్‌టౌన్‌లో హమాలీ. ఎర్ర తువ్వాలు, భుజం మీద కొక్కెం. నా చిన్నప్పుడు లారీ మీంచి బస్తా జారి ఆయన నడుం మీద పడింది. షావుకారు వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి పంపించేద్దామనుకున్నాడు. ముఠా వాళ్ళంతా రెండు రోజులు లోడు ముట్టలేదు. అప్పుడు ఆస్పత్రి ఖర్చు మొత్తం, మూడు నెలల కూలి వచ్చాయి. నేను స్కూలు మానకుండా చదివానంటే ఆ రెండు రోజుల వల్లే. యూనియన్లు దండగ అని ఎవరైనా రీల్ చేస్తే నాకు నచ్చదు.

కానీ ఆ తర్వాత రెండేళ్ళకి మా మావయ్య, అమ్మ తమ్ముడు, పంటలు పోయి పని కోసం ఊరి నుంచి వచ్చాడు. అదే ముఠాలో చేరతానన్నాడు. కార్డు కావాలన్నారు. కార్డుకి కట్టాల్సిన డబ్బు మా అందరి దగ్గర కలిపినా లేదు. కార్డు లేకుండా ఒక రోజు బస్తా ఎత్తితే చొక్కా పట్టుకుని బయటికి నెట్టారు. నెట్టినవాళ్ళలో నాన్న కోసం లోడు ఆపినవాళ్ళూ ఉన్నారు. నాన్న అక్కడే నిలబడి చూశారు, నోరు విప్పలేదు. మావయ్య ఆ రాత్రే బండెక్కి చెన్నై వెళ్ళిపోయాడు. ఇప్పటికీ మా ఇంటికి వస్తే నాన్నతో "బావా" అని ఒక్క మాట, అంతే. నాన్నని అడిగా, ఎందుకు మాట్లాడలేదని. "అందరినీ రానిస్తే మా రేటు పడిపోద్ది రా" అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. మావయ్య ఆకలి కూడా అబద్ధం కాదు. రంగూన్ గురించి చదువుతుంటే రెండు వైపులా మా ఇంటివాళ్ళే నిలబడినట్టు అనిపించింది.

రంగూన్ కథ అక్కడితో అయిపోలేదు. 1941 డిసెంబర్ 23న జపాన్ బాంబులు పడ్డాయి. ఓడ టికెట్ కొనగలిగినవాళ్ళు ఓడెక్కారు. మిగతావాళ్ళు అరకాన్ కొండలు దాటి, మణిపూర్ అడవులు దాటి నడిచారు. నాలుగైదు లక్షల మంది బయల్దేరారని అంచనా. కలరా, ఆకలి, వాన. దారిలో పోయినవాళ్ళు పదుల వేలు. 1964లో బర్మా ప్రభుత్వం దుకాణాలు, మిల్లులు జాతీయం చేశాక ఇంకో విడత తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంప్ అనే పేరు అలా వచ్చిందే.

మరిచిపోవడం బయటివాళ్ళ విషయంలోనే జరుగుతుందనుకోకండి. 1864 అక్టోబర్ 5న కలకత్తాని తుపాను ముంచింది. నెల తిరగకముందే, నవంబర్ 1 రాత్రి, బందరు మీద ఉప్పెన పడింది. సుమారు 30,000 మంది పోయారు. 1977 దివిసీమ ఉప్పెన కంటే పెద్ద లెక్క ఇది. మన వాతావరణ శాఖ తన పుట్టుక గురించి చెప్పేటప్పుడు 1864 కలకత్తా తుపాను, 1866, 1871 కరువుల పేర్లు చెప్తుంది. బందరు పేరు రాదు. కలకత్తా రాజధాని. ఆఫీసులు, పేపర్లు, ఫోటో తీసేవాళ్ళు అక్కడున్నారు. బందరులో శవాలు లెక్కపెట్టడానికే మనుషులు చాలలేదు.

2025 మార్చి 28న మండలే దగ్గర భూమి కదిలింది. 1930లో పెగూని కూల్చిన సగైంగ్ పగులే ఇదీ. మూడు వేలకు పైగా పోయారు. ఆ రోజు నా ఫోన్‌లో వచ్చిన వీడియోలు దాదాపు అన్నీ బ్యాంకాక్‌వి. కట్టుబడిలో ఉన్న ఆఫీసు బిల్డింగ్ ఒకటి పొగలా కూలిపోవడం, హోటల్ మీది స్విమ్మింగ్ పూల్ నీళ్ళు కిందకి దూకడం. బ్యాంకాక్‌లో కెమెరాలున్నాయి, ఇంటర్నెట్ ఉంది, మన టూరిస్టులున్నారు. సగైంగ్‌లో నెట్ కూడా సరిగ్గా లేదు. ఆ కూలిన బిల్డింగ్‌లో పోయినవాళ్ళలో కూడా మయన్మార్ నుంచి పనికొచ్చిన కూలీలున్నారు. వాళ్ళ ఊళ్ళోవాళ్ళు బ్యాంకాక్‌ని ఏ పేరుతో పిలుస్తారో తెలుసుకోవాలనుంది నాకు.

ఈ ఎపిసోడ్ రికార్డ్ చేసే ముందు నాన్నకి స్క్రిప్ట్ చదివి వినిపించా. మావయ్య సంగతి తీసెయ్యమంటారేమో అనుకున్నా. ఏమీ అనలేదు. కాసేపటికి "ఆ బర్మా వాళ్ళ అన్నం క్యారేజీలు ఏమయ్యాయి రా" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

మీ ఇంట్లో రంగం వెళ్ళొచ్చినవాళ్ళ పెట్టెలు, ఉత్తరాలు, ఫోటోలు, కనీసం ఎవరిదైనా పేరు ఉంటే పంపండి. శ్రీకాకుళం, విజయనగరం, తూర్పు గోదావరి వైపు వాళ్ళు ముఖ్యంగా మీ నాయనమ్మల్ని అడగండి. పేర్లు పోగైతే వాటి మీదే ఇంకో ఎపిసోడ్ చేద్దాం.